పార్టీ సిద్ధాంతం ఓటరుకి దూరమయ్యేది టికెట్ దగ్గర

"రెండు తరాలుగా మా ఇంట్లో ఒకే గుర్తుకి ఓటు. ఇప్పుడు ఆ పార్టీ మాట్లాడేది మా ఊరి సంగతి కాదనిపిస్తోంది. తేడా ఎక్కడొచ్చింది, ఎలా పట్టుకోవాలి?" అని అడిగారు. శ్రీకాకుళం రాజకీయాల్ని దగ్గర్నుంచి చూసినంతలో చెప్తున్నాను.

మేనిఫెస్టోలో వెతకొద్దు. అందులో రైతు, కూలీ, మత్స్యకారుడు ఎప్పుడూ ఉంటారు. తేడా వచ్చేది టికెట్ దగ్గర. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకి పరిమితి 40 లక్షలు. నిజంగా ఎంతవుతుందో బూత్ కమిటీలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. అది మోయగలిగినవాడికే టికెట్ అనుకున్నాక క్వారీలు, కాంట్రాక్టులు ఉన్నవాళ్ళు ముందుకొస్తారు. ఏళ్ళ తరబడి జెండా మోసిన మనిషి సభలకి జనాన్ని తోలే పనికి మిగులుతాడు. ఆ తర్వాత పార్టీ దేన్ని అభివృద్ధి అంటుందో దానంతటదే మారిపోతుంది.

ఇది ఈనాటిది కాదు. మన శ్రీకాకుళం నాయకుడు గౌతు లచ్చన్న గారి బలం గీత కార్మికులు, సన్నకారు రైతులు. కల్లు గీతకి అడ్డొచ్చిన మద్యనిషేధం గొడవ మీదే 1954లో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టాక రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు, లచ్చన్న గారు అందులో ఉన్నారు. దాని పెద్దదిక్కు రాజాజీ, 1937లో సేలంలో మద్యనిషేధం తెచ్చిన మనిషి! జాతీయంగా ఆ పార్టీ కొట్లాడింది భూపరిమితికి, వ్యాపారాలకి పెట్టే లైసెన్సులూ పర్మిట్లకి వ్యతిరేకంగా. ఎకరం, రెండెకరాల రైతుకి భూపరిమితి వల్ల పోయేదేముంది? లచ్చన్న గారి నిజాయితీకి వంక పెట్టలేం. ఎజెండా రాసే చోట గీత కార్మికుడు లేడు, అంతే.

ఇక పట్టుకోవడం సంగతి. సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, చూడండి. ఏ పార్టీకి ఓటేసే రైతైనా ఆ నీళ్ళతోనే వరి పండించేవాడు, చేపలు పట్టేవాళ్ళకీ అదే ఆధారం. థర్మల్ ప్లాంటు కాగితాల్లో మాత్రం అది పనికిరాని బీడు. 2010 జూలై 14న ఆ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు పర్యావరణ అప్పీలు సంస్థ ప్లాంటు అనుమతి కొట్టేసింది.

మీ దగ్గర ఇలాంటి ప్రాజెక్టేదైనా ఉంటే ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ అడగండి. నోటీసుకి కనీసం 30 రోజుల గడువుండాలి. ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక నకలు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో చూసుకోడానికి పెట్టాలి. సభంతా వీడియో తీయాలి, చివర్లో సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. అక్కడ మీ పార్టీ మండల నాయకుడు ఏమన్నాడో చూడండి. సభకే రాకపోతే అదీ ఒక జవాబే. దాని పక్కన అధికారంలోకి వచ్చాక ఆ పార్టీ ఇచ్చిన జీవో పెట్టండి. ప్రతిపక్షంలో ఉన్నప్పటి మాటలు లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడందరూ నిర్వాసితుల పక్షమే. అభ్యర్థి అఫిడవిట్‌లో, అంటే ఫారం 26లో, వృత్తి, ఆదాయం, ప్రభుత్వంతో కాంట్రాక్టులు రాసిన చోటు తప్పకుండా చదవండి.

ఒక మాట గుర్తుంచుకోండి. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఆదేశం (విప్) జారీ అయితే ఎమ్మెల్యే మీ వైపు ఓటెయ్యడం కష్టం, పదవే పోవచ్చు. ఊళ్ళో "మీతోనే ఉన్నాను" అన్న మనిషి సభలో చెయ్యెత్తలేకపోడానికి కారణం చాలాసార్లు ఇదే. అందుకని ఒత్తిడి పెట్టాల్సింది గెలిచాక కాదు, పార్టీ మండల కమిటీ టికెట్ కోసం ఆశావహుల పేర్లు పైకి పంపేటప్పుడు. ఊరి పేరు, సర్వే నంబర్లు, మీరు రద్దు చెయ్యమంటున్న జీవో నంబరు వేసి, ఒకే కాగితం మీద అన్ని వీధుల వాళ్ళ సంతకాలతో ఆశావహులందరికీ ఇవ్వండి. బీ-ఫారం, అంటే పార్టీ అభ్యర్థి ఇతనే అని ఇచ్చే పత్రం, చేతికొచ్చాక ఆ కాగితం ఎవరూ చదవరు.