కరెంటు దొంగతనం ఎక్కడ జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

ఇంటింటికీ తిరగకుండానే ఎలా పసిగడతారని కదా ప్రశ్న. మొదటి ఆధారం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మీటరే. నెలలో అక్కడ 10,000 యూనిట్లు నమోదై, దాని కింది ఇళ్ల మీటర్లన్నీ కలిపితే 8,200 వచ్చాయనుకోండి. తేడా 1,800. అదంతా దొంగతనం కాదు, తీగలు వేడెక్కి కొంత పోతుంది. కరెంటు రెట్టింపైతే ఆ నష్టం నాలుగింతలు. తీగ మందం, పొడవు, లోడు తెలిస్తే దాన్ని లెక్కకట్టొచ్చు, మిగిలిందే అనుమానం. (ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందో రికార్డులో తప్పుంటే ఈ లెక్కంతా గల్లంతే!)

ఇంట్లో ఫేజు వైరును (కరెంటు వచ్చేది) మాత్రమే మీటరు గుండా పోకుండా తప్పిస్తే, మీటరులో ఫేజు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కరెంటు సరిపోలవు. స్మార్ట్ మీటరు దాన్ని పట్టేస్తుంది. కానీ లైనుకే నేరుగా కొక్కెం తగిలిస్తే మీటరుకేం తెలుస్తుంది? మనిషి వెళ్లి చూడాల్సిందే.