పాట ఇచ్చారు సరే, సంతకం దేని మీద పెట్టారు?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. అమ్మ చనిపోయాక ఆమె మీద మన యాసలో ఒక పాట రాసి, జముకుల కథ బాణీలో పాడుకునేవాణ్ణి. పదో తరగతి మిత్రుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లు అడిగితే ఇచ్చాను. ఫోన్‌పేలో 3,000 వేశారు. రికార్డింగ్ రోజు ఏదో పేపరు మీద సంతకం చేయించుకున్నారు. 2023 అక్టోబరు 12న పాట వచ్చింది, రచన దగ్గర వేరే పేరు ఉంది. విజయనగరం సిరిమానోత్సవంలో మైకులో అదే పాట విని అక్కడే ఏడ్చేశాను. రిజిస్ట్రేషన్ లేదు. అప్పటి ఫోను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. పాత తేదీ స్టాంపు పేపరు దొరుకుతుందంటున్నారు, దాని మీద పాట రాసి పెట్టుకుంటే పనికొస్తుందా? నోట్‌బుక్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీ ఏడుపు కోర్టుకు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా కొంప మునగదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినప్పుడే హక్కు పుడుతుంది, రాసినవాడిదే అవుతుంది. మీ కేసును తేల్చేది మీరు తేలిగ్గా దాటేసిన ‘ఏదో పేపరు’ అన్న మాట. అది డబ్బు ముట్టిన రసీదా, పాటను రాసిచ్చిన పత్రమా? చదవకుండా సంతకం పెట్టి, కాపీ కూడా తీసుకోకుండా ఎలా వచ్చారు? సెంటు భూమి అమ్మితే ఇలాగే చేస్తారా?

అది ఉత్త రసీదైతే మీ చేయి పైనే ఉంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన పాట వాళ్లది కాదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ కాగితం మీద, మీ సంతకంతో జరగాలి. ఏ పాట, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. పైగా ఇది మీరు వాళ్ల దగ్గర జీతానికి చేరి రాసిన పాట కాదు. మీరు భయపడుతున్న ఆ 3,000 మీకే సాక్ష్యం. మీది కాని పాటకు అప్‌లోడ్‌కు ముందే మీకు డబ్బు ఎందుకు వేశారో వాళ్లే చెప్పుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ రేపే తెచ్చుకోండి.

ఒకవేళ అది రాసిచ్చిన పత్రమే అయినా, రచయిత నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకే ఉంటుంది. పాట ఆపించడం కష్టం కావచ్చు, పేరు మాత్రం అడగొచ్చు. బాణీ మీద ఆశ పెట్టుకోకండి. జముకుల బాణీ తాతముత్తాతల నాటిది. రికార్డింగ్ మీద హక్కు దాన్ని తీయించిన వాళ్లది. మీది సాహిత్యం.

స్టాంపు పేపరు సంగతి. వద్దు. దాని వెనక వరస నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. వెండరు రిజిస్టరు కోర్టుకు తెప్పిస్తే దొంగతనం బయటపడుతుంది, వాదిగా వెళ్లి ముద్దాయిగా తిరిగొస్తారు. ఇంకో మాట. మీరు పంపిన నోట్‌బుక్ పేజీలో ఒక్క కొట్టివేత లేదు, కింద తేదీ మాత్రం వేరే సిరాతో ఉంది. అది ఎప్పుడు వేశారని నేను అడగను. ఎదుటి లాయరు అడుగుతాడు. మాటలు కొట్టేసి, మార్చి రాసిన చిత్తు ప్రతి ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతకండి, ఈ ఫెయిర్ కాపీ కంటే దానికే విలువ.

ఫోను పోయింది, దానికేం చేయలేం. కానీ మిత్రుల గ్రూపు ఉంది కదా! అప్‌లోడ్ కంటే ముందు తేదీతో మీ గొంతు ఎవరి ఫోనులో ఉందో ఇవాళే కనుక్కోండి. స్క్రీన్‌షాట్ చాలదు. ఆ ఫోను ఎవరూ రీసెట్ చేయకూడదు, అమ్మకూడదు. ఫోనులోని రికార్డును కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మన వైపు నుంచి, మరో భాగం నిపుణుడి సంతకంతో ఉంటుంది.

నష్టపరిహారానికి గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. మొదటి అప్‌లోడ్ లెక్కన 2026 అక్టోబరు 12. ఆ తర్వాత కొత్తగా వాడుకున్న ప్రతిసారీ వేరే లెక్క ఉంటుంది గానీ, ఆ ధీమాతో కూర్చోకండి. దావాకు హైదరాబాద్ పోనక్కర్లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు కాపురముంటున్న చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా కోర్టులో వేయొచ్చు. అదే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉన్నమాట నిజమే, కానీ ఆ పేపరేమిటో తేలకుండా స్టేషన్ మెట్లెక్కకండి.

ముందు లాయరు ద్వారా చానెల్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సంతకం చేసిన పేపరు కాపీ ఇవ్వమని, రచయితగా మీ పేరు వేయమని, పాట మీద వచ్చిన ఆదాయం లెక్క చెప్పమని అడగండి. ఈలోగా 500 ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్‌కు పెట్టండి. గొడవ మొదలయ్యాక చేయించినదానికి బలం కొంత తక్కువే, అయినా లేనిదానికంటే నయం. నోటీసు అందిన వారంలో చానెల్ వాళ్లు ఫోన్ చేసి, ‘ఇంకో ఐదు వేలు వేస్తాం అన్నా, చిన్న సంతకం పెట్టు’ అనొచ్చు. ఆ కాగితాన్ని మీ లాయరు చదివేదాకా పెన్ను మూత తీయకండి.