ఫారం మెషినెక్కే ముందు

తల్లీ,

నీ ఉత్తరం అందింది. కోయ పుస్తకాలకి సొంత ప్రచురణ పెడతానన్నావు, సంతోషం. పోలవరం ముంపులో ఊరొదిలి కాలనీకి వచ్చినవాళ్లకి పుస్తకాలెందుకు అనేవాళ్లుంటారు. వాళ్లకి జవాబు చెబుతూ కూర్చోకు. మా నాన్న 1942లో రంగూన్ నుంచి కట్టుబట్టలతో కాకినాడ వచ్చాడు. అక్కడ మనవాళ్లని కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. ఇక్కడికొస్తే బర్మావాడన్నారు. ఆ బర్మావాడే జగన్నాథపురంలో ట్రెడిల్ మీద, అంటే కాలితో తొక్కే అచ్చు మెషిను మీద, శుభలేఖలు కొట్టి మమ్మల్ని పెంచాడు. నువ్వూ ముందు శుభలేఖలు, బిల్లు పుస్తకాల ఆర్డర్లు పట్టు. పుస్తకాలు నీకు అన్నం పెట్టడానికి చాలా కాలం పడుతుంది.

అసలు పని ప్రూఫు దగ్గరుంది, అంటే తప్పులు దిద్దడానికి ముందుగా తీసే అచ్చు దగ్గర. చాన్నాళ్ల కిందట ఒక కోయ పాటల పుస్తకం నా దగ్గరికొచ్చింది. మా ప్రూఫ్ రీడరు తెలుగులో దిట్ట. 'ఏరు' అని ఉన్నచోటల్లా 'నీరు' అని దిద్దేశాడు. ఏరు తాగడమేమిటండీ అన్నాడు నాతో, నేనూ తలూపాను. మీ కోయ భాషలో ఏరంటేనే నీళ్లని ఇద్దరికీ తెలీదు. పాటలు చెప్పిన పెద్దాయన వచ్చి, మనవడితో చదివించుకుని విన్నాడు. 'ఇది మీ పాటండీ' అని పుస్తకం బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అందుకని ప్రూఫులు కాలనీకి పట్టుకెళ్లు. ముసలివాళ్ల ముందు గట్టిగా చదువు. వాళ్లు నవ్వినచోట, మొహం చిట్లించినచోట పెన్సిలుతో గీత పెట్టుకో. మీ మాటల్లో గొంతులో తెగి ఆగే శబ్దముంది చూడు, దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. ఏదో ఒక గుర్తు పెట్టుకుని మొదటి పుస్తకం నుంచీ అదే వాడు. కంప్యూటర్లో టైపు చేసే డీటీపీ కుర్రాడు పాత ఫాంటులో కొడతానంటే ఒప్పుకోకు, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో కొట్టించు. లేదంటే రేపు అదే పాట ఫోన్లో పంపితే పిచ్చిగీతలు కనిపిస్తాయి.

డెమ్మీ అనే మామూలు పుస్తకం సైజులో 48 పేజీలు చాలు, ఒకే పెద్ద కాగితం మీద కలిసి అచ్చయ్యే 16 పేజీల ఫారాలు మూడు. వెయ్యి వేస్తే కాపీ చవగ్గా పడుతుందని ప్రెస్సువాడు ఊరిస్తాడు. నిజమే, ప్లేట్ల ఖర్చు మూడొందలకైనా వెయ్యికైనా ఒకటే. కానీ మిగిలిన కట్టలు ఎక్కడ పెడతావు? 1996 నవంబరు తుఫానుకి మా గోడౌన్లో ఆరొందల కాపీలు తడిసి ఇటుకల్లా అతుక్కుపోయాయి. మూడొందలే అచ్చు వేయించు. అయిపోతే మళ్లీ వేద్దాం.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, ఉచితంగానే ఇస్తారు, ఏజెంటుకి డబ్బులివ్వకు. అచ్చయిన నెలలోపు కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి తలో కాపీ మన ఖర్చుతో పంపాలి, చట్టముంది. అమ్మకానికి షాపుల చుట్టూ తిరక్కు. సంతలో, భూమి పండగలో ఒక దుప్పటి పరిచి కూర్చో. ఎవరో ఒకరు చదివి వినిపించమంటారు. వినిపించు.

మొదటి ప్రూఫు తీసుకుని వచ్చే ఆదివారం రా. మీ అమ్మమ్మని కూడా తీసుకురా. ఆ పెద్దాయన వదిలేసి వెళ్లిన పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆవిడ చెబుతుంటే ఆ 'నీరు'లన్నీ కొట్టేసి దిద్దుకుందామని.

మీ తాత