పాఠకుల ప్రశ్నలు: పచ్చికలో తెల్ల గొడుగుల వలయం

ప్రశ్న: దసరా వానల తరువాత మా మునిసిపల్ పార్కు పచ్చికలో సాసరంతేసి తెల్లని పుట్టగొడుగులు వలయాకారంలో లేచాయి. పిల్లలకు అదొక వింత అయితే, పొరుగువారు కూర వండుకోవచ్చంటున్నారు. తినవచ్చునా? వలయంగానే ఎందుకు వస్తాయి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తినవద్దు. ఉత్తరంలోని ఆనవాళ్ళతోనే జాతిని నిర్ధారించలేము గాని, మనవంటి వేడి ప్రాంతాలలో పచ్చికమీద ఇలా లేచే పెద్ద తెల్ల గొడుగులలో క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషజాతి చాలా సాధారణం. దానిని తిన్నవారికి కొద్ది గంటలలోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గొడుగు అడుగున ఉండే పలుచని రేకులు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉండి, ముదిరిన కొద్దీ బూడిద కలిసిన ఆకుపచ్చరంగుకు తిరుగుతాయి కనుక, లేతవి చూసి కోసుకొన్నవారే ఎక్కువగా మోసపోతారు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ, పురుగు కొరికినది మనిషీ తినవచ్చుననీ చెప్పే పరీక్షలను నమ్మకండి.

చూడడానికి మాత్రం ఇంతకన్న మంచి వస్తువు లేదు. బాగా విచ్చుకొన్న గొడుగు ఒకదాని కాడ తీసివేసి, రేకులు కిందికి వచ్చేటట్లు తెల్లకాగితంమీద పెట్టి, గాలి తగలకుండా గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి రాలిన సిద్ధబీజాల (విత్తనాలవంటి సూక్ష్మకణాల) పొడి రేకుల వరుసలను గీతలు గీతలుగా కాగితంమీద అచ్చు వేస్తుంది. ఆ పొడి ఆకుపచ్చగా ఉంటే పైన చెప్పిన జాతిని గట్టిగా అనుమానించవలసిందే. ఆకుపచ్చగా లేనంత మాత్రాన తినదగినదని కాదు. పుట్టగొడుగులను తాకితే ప్రమాదం లేదు గాని, పిల్లలు చేతులు కడుక్కోవాలి.

ఇక వలయం సంగతి. మనకు కనిపించే గొడుగు శిలీంధ్రంలో ఒక భాగం మాత్రమే. అసలు శరీరం మట్టిలో దారపు పోగులవలె అల్లుకొని, కుళ్ళుతున్న గడ్డినీ వేళ్ళనూ తింటూ ఒక చోటినుంచి నలువైపులా సమానంగా విస్తరిస్తుంది. గొడుగులు దాని అంచునే లేస్తాయి కాబట్టి వలయం ఏర్పడుతుంది. అంచున కుళ్ళిన పదార్థంనుంచి నత్రజని విడుదలై అక్కడి గడ్డి ముదురాకుపచ్చగా కనిపించడం కూడా గమనించండి. తోటమాలి గొడుగులను తన్నివేసినా కింది పోగులకు ఏమీ కాదు. మరుసటి వానకు మళ్ళీ లేస్తాయి.

ప్రశ్న: పార్కులోని కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రగా, వార్నిష్ వేసినట్లు మెరిసే చెక్కవంటి గొడుగు పుట్టింది. తీసివేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: సరిపోదు. అది గానోడెర్మా కావచ్చును. కొబ్బరికి ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రమిది. దాని అడుగున రేకులుండవు, సూదిమొనతో పొడిచినట్లు సన్నని రంధ్రాలుంటాయి. చెక్కగొడుగు బయటికి కనిపించేసరికే చెట్టు లోపల చాలావరకు కుళ్ళి ఉంటుంది. మొదలునుంచి గోధుమరంగు బంక కారుతున్నదేమో చూసి, అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానాన్ని సంప్రదించమని పార్కు నిర్వాహకులకు చెప్పండి. పక్క చెట్లకు వేళ్ళద్వారా పాకే తెగులు కాబట్టి ఆలస్యం మంచిది కాదు.

ప్రశ్న: ఆశ్వయుజంలో సాయంత్రాలు పార్కుపై పసుపురంగు తూనీగలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఎక్కడినుంచి వస్తాయి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇవి చాలావరకు పాంటాలా ఫ్లావెసెన్స్ జాతివి. వాననీటి గుంటలలో పిల్లదశను త్వరగా ముగించుకొని, గాలివాటున చాలా దూరం పోతాయి. అక్టోబరునుంచి మాల్దీవులలో కనిపించే ఈ తూనీగలు భారతదేశంనుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు చేరుతాయని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు. ఎండ ఎక్కకముందు వెళితే కంచెమొక్కల పుల్లలకు నిలువుగా వేలాడుతూ దగ్గరగా చూడనిస్తాయి. తోకకు దారం కట్టే ఆట మాత్రం పిల్లలచేత మాన్పించండి.