టెక్ సందేహాలు: నైట్ డ్యూటీలు "కంప్యూటర్ వేసిందా"?

ప్రశ్న: మా ఆస్పత్రి ఐసీయూలో ఇప్పుడు డ్యూటీ చార్ట్ సాఫ్ట్‌వేర్ వేస్తోంది. ఉన్నది 14 మందిమి, రాత్రికి ముగ్గురు ఉండాలి. పోయిన నెల నాకు 9 నైట్లు పడ్డాయి. కొందరికి ఒక్కటీ లేదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగితే "నేనేం చేయను, కంప్యూటర్ వేసింది" అంటున్నారు. నిజమేనా?
(స్టాఫ్ నర్సు, గుంటూరు)

జవాబు: సెక్యూరిటీ గార్డులు, కాల్‌సెంటర్ వాళ్లు, హోటల్ రిసెప్షన్ వాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ఊరు మారుతుంది, యూనిఫాం మారుతుంది, "కంప్యూటర్ వేసింది" అన్న సమాధానం మాత్రం మారదు. అది సగం నిజం. మిగతా సగం మీ లెక్కలోనే కనిపిస్తుంది.

రాత్రికి ముగ్గురు చొప్పున 30 రాత్రులకు 90 నైట్లు. 14 మందికి పంచితే తలా ఆరో ఏడో రావాలి. మీకు 9 వచ్చాయంటే బహుశా పంచింది పది మందికే. మిగిలిన నలుగురి పేర్ల పక్కన "నైట్ వద్దు" అన్న టిక్కు ఉండి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తనకు కనిపించిన పది మందికీ సమానంగానే పంచింది. టిక్కు పెట్టింది మాత్రం మనిషే. గర్భిణి అని ఒకరికి, నడుం ఆపరేషన్ అయిందని ఇంకొకరికి పెడతారు, న్యాయమే. అయితే పక్కనున్న "ఎప్పటిదాకా" గడిని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ అంటే శాశ్వతం అన్నమాట. బిడ్డ బడికి వెళ్లే వయసొచ్చినా తల్లికి నైట్ పడదు. గడి నింపకపోవడం ఆఫీసు బద్ధకం, నింపకపోయినా సేవ్ కానివ్వడం తయారుచేసినవాళ్ల బద్ధకం.

స్కిల్ ట్యాగులదీ, అంటే ఎవరికి ఏ పని వచ్చో పేరు పక్కన పెట్టే గుర్తులదీ ఇదే కథ. ప్రతి రాత్రీ వెంటిలేటర్ తెలిసినవాళ్లు ఒకరైనా ఉండాలని నిబంధన పెట్టి, ఆ ట్యాగ్ ముగ్గురికే ఇస్తే, ఆ ముగ్గురికీ తలా 10 నైట్లు తప్పవు. కొత్తవాళ్లు పని నేర్చుకుని ఏడాదైనా వాళ్ల ట్యాగ్ మార్చేవాళ్లుండరు. పని వచ్చినందుకు పాతవాళ్లకు శిక్ష.

ఇక లోపల ఏం జరుగుతుందంటే, నిబంధనలు రెండు రకాలు. తప్పనిసరివి కొన్ని: నైట్ దిగిన ఉదయం మళ్లీ డ్యూటీ వేయకూడదు, రాత్రికి ముగ్గురికి తగ్గకూడదు లాంటివి. వీలైతే పాటించేవి కొన్ని: అడిగిన రోజు ఆఫ్ ఇవ్వడం, నైట్లు సమం చేయడం. రెండో రకాన్ని తప్పినప్పుడల్లా జరిమానా పాయింట్లు పడతాయి. ఉదయం, సాయంత్రం, నైట్, ఆఫ్ అని మనిషికి రోజుకు నాలుగు అవకాశాలు. 14 మంది, 30 రోజులు. అంటే 420 నాలుగులను గుణిస్తే వచ్చినన్ని చార్టులు. ఒక్కొక్కటీ చూడటం ఏ యంత్రం తరమూ కాదు. పనికిరానివాటిని గుంపులు గుంపులుగా కొట్టేస్తూ, ఇచ్చిన గడువులో జరిమానా తక్కువగా దొరికిన చార్టును చేతిలో పెడుతుంది. గడువు చాలకపోతే దొరికింది అన్నిటికన్నా మంచిది కాకపోవచ్చు కూడా.

మోసమంతా ఈ జరిమానా కూడే పద్ధతిలో ఉంటుంది. నాలుగు ఆఫ్ కోరికలు తీర్చడం కుదరలేదనుకోండి. నలుగురికి ఒక్కోటి కాదన్నా, ఒక్కరికే నాలుగూ కాదన్నా మొత్తం నాలుగే. సాఫ్ట్‌వేర్‌కు రెండూ ఒకటే. అదే ప్రతి మనిషి లెక్కనూ వర్గం చేసి (దాన్ని దానితోనే గుణించి) కూడితే మొదటిది 4, రెండోది 16 అవుతుంది. అప్పుడు ఒక్కరి నెత్తినే రుద్దడం తనంతట తనే మానుకుంటుంది. ఇంత చిన్న మార్పు సెట్టింగుల్లో ఇవ్వని సాఫ్ట్‌వేర్‌ను కొనేవాళ్లను ఏమనాలి?

నెల మారే చోట ఇంకో గుంట ఉంది. 31 రాత్రి ఎక్కిన నైట్ 1వ తేదీ ఉదయం 8కి దిగుతుంది. కొత్త నెల చార్టుకు పాత నెల కనిపించకపోతే, 1వ తేదీని మీ వీక్లీ ఆఫ్ కింద రాసేస్తుంది. నిద్రపోయిన రోజే సెలవు! 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ దీన్ని అప్పుడే పట్టుకుంది. అర్ధరాత్రి దాటే షిఫ్టు చేసేవాళ్లకు సెలవంటే, షిఫ్టు దిగినప్పటి నుంచి వరుసగా 24 గంటలని రాసింది. అది ఆస్పత్రులకు రాసిన చట్టం కాదు. అయినా 2020ల సాఫ్ట్‌వేర్‌కు ఆపాటి లెక్క రాకపోతే ఎలా?

కాబట్టి "నాకే ఎందుకు?" అని అడగకండి, జవాబు రాదు. నైట్ మినహాయింపులు ఎందరికి, ఏ తేదీ వరకు, నా ట్యాగులేంటి, గత మూడు నెలల్లో నా నైట్లెన్ని అని అడగండి. చార్ట్ వచ్చాక చేత్తో మార్చిన గడులేవో కూడా అడగండి. ఎవరు, ఎప్పుడు మార్చారో చాలా సాఫ్ట్‌వేర్ల హిస్టరీలో ఉంటుంది. "కంప్యూటర్ వేసింది" ఎంతవరకు నిజమో అక్కడ తేలుతుంది.

మీరు అడగలేదు కానీ, ఈ యాప్‌లలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది "ఫోన్ క్యాలెండర్‌లో చేర్చు" అన్న బటన్. అది ఇచ్చే లింకుకు సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు. లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు చార్ట్ కనిపిస్తుంది. దాన్ని వార్డు వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. స్క్రీన్‌షాట్ అయితే నెలకు పాతబడుతుంది. ఈ లింకు మాత్రం చార్ట్ మారినప్పుడల్లా తనూ మారుతుంది. ఎవరు రాత్రి 8కి ఒంటరిగా గేటు దాటతారో, ఎవరి ఇంటికి రాత్రంతా తాళం ఉంటుందో తాజాగా చెబుతూనే ఉంటుంది. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ తీసేసినా వాళ్ల లింకు బతికే ఉండే సిస్టములూ ఉన్నాయి.

ఇప్పుడే పరీక్షించండి. ఆ లింకును బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (మీ లాగిన్‌లు గుర్తుండని) విండోలో తెరవండి. లాగిన్ అడగకుండా ఫైలు దిగిందా, ఊరందరికీ తెరిచినట్టే. డ్యూటీ యాప్‌లోని క్యాలెండర్ సెట్టింగుల్లో లింకు రీసెట్ చేస్తే పాతది చచ్చిపోతుంది, కొత్తది మీ ఫోన్లో మాత్రమే చేర్చుకోండి. రీసెట్ బటనే లేకపోతే ఆ సదుపాయం పూర్తిగా ఆపమని మీ ఐటీ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. అన్నట్టు, ఇన్‌ఛార్జి పాస్‌వర్డ్ మానిటర్‌కు అంటించిన వార్డుల్లో డ్యూటీ మార్పిళ్లకు ఎవరైనా ఆమోదం కొట్టొచ్చు. ముందు ఆ చీటీ పీకేయండి.

ప్రశ్న: యాప్‌లో ప్రతి నెలా ఆఫ్ అడుగుతున్నా. రిజెక్ట్ అని రాదు, ఆఫ్ కూడా రాదు.
(షాపింగ్ మాల్ ఉద్యోగి, కూకట్‌పల్లి)

జవాబు: మీరు బహుశా "ప్రిఫరెన్స్" కింద పెడుతున్నారు. అది కోరిక, కుదిరితే ఇస్తుంది, కుదరకపోతే చెప్పను కూడా చెప్పదు. "లీవ్" వేరే బటన్. ఆమోదం వచ్చిందంటే అది తప్పనిసరి నిబంధన అవుతుంది, ఆ రోజు మీ గడిని సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. పెళ్లికి వెళ్లాలంటే లీవ్‌లో, చార్ట్ తయారయ్యే తేదీకి ముందే పెట్టండి. ఆమోదం వచ్చిన స్క్రీన్‌షాట్ దాచుకోండి.