అనంతపురంలో ఉన్న మా అబ్బాయికి

కడప

నాయనా,

4 టీబీ డిస్కులు నాలుగు కొన్నావని, రైడ్ 5 (డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పెడితే 12 టీబీ దక్కుతుందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పెళ్లి ఫొటోలు ఇంకా ఎక్కించకపోతే కాస్త ఆగు.

రైడ్ 5లో ఒక డిస్కు పోయినా ఫైళ్లు ఉంటాయి, అబద్ధం కాదు. చిక్కంతా కొత్త డిస్కు పెట్టాక వస్తుంది. పోయినదాన్ని తిరిగి తయారుచేయడానికి (దీన్నే రీబిల్డ్ అంటారు) మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. సెకనుకు 150 ఎంబీ లెక్కన చూసినా ఏడు గంటల పైమాటే. మధ్యలో నువ్వు ఫొటోలు తెరుస్తుంటే ఇంకా పడుతుంది. ఆలోపు రెండోది మొరాయించిందా, మొత్తం పోయినట్టే.

నాకు అదే జరిగింది. ఒకే అంగట్లో, ఒకే రోజు కొన్న మూడు డిస్కులు. మే నెలలో ఒకటి పోయింది, రీబిల్డ్ సగంలో ఉండగా ఇంకొకటి. మన ఎండల్లో ఆ డిస్కుల పెట్టెను మిద్దెపైన రేకుల గదిలో పెట్టిన తెలివి నాదే అనుకో. మీ చిన్నమ్మ ఇప్పటికీ చిన్నోడి పుట్టెంట్రుకల ఫొటోలు అడుగుతుంది.

అందుకే, రెండేసి డిస్కులు జత కట్టి మిర్రర్ పెట్టు, అంటే ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుంది. ఆ రెండు జతలనూ రైడ్ 10గా, అంటే ఒకే పెద్ద డిస్కులా, కలపొద్దు, విడివిడిగానే ఉంచు. ఖర్మకాలి ఒక జత మొత్తం పోయినా రెండో జతలోవి మిగులుతాయి. ఒకే డిస్కు పోతే దాని జోడీ నుంచి నకలు తీస్తే సరి, మిగతా రెండింటికీ పని ఉండదు. ఇలా చేస్తే వచ్చేది 8 టీబీనే. రైడ్ 6లోనూ అంతే వస్తుంది, పైగా ఏ రెండు పోయినా తట్టుకుంటుంది. కాకపోతే రాయడం నిదానం. రేపు స్థలం చాలకపోతే, మిర్రర్‌లో అయితే రెండు పెద్ద డిస్కులు మారిస్తే చాలు.

ఒక్కో జతలో ఒక డిస్కు వేరే కంపెనీది ఉండేలా, రెండింటిని అంగట్లో మార్చుకో. మోడల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో చూడు. ఎస్ఎంఆర్ రకమైతే (డేటా గీతలను ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కేలా రాసేది) తీసుకోవద్దు, రీబిల్డ్ నత్తనడక నడుస్తుంది. యూపీఎస్ సంగతి చెప్పాలా, మన కరెంటు నీకు తెలిసిందే.

ఇంకోటి, ప్రతి డిస్కు ముందువైపు సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు కాగితంపై రాసి అంటించు. కంగారులో చెడినదాన్ని వదిలేసి బాగున్నదాన్ని పీకినవాళ్లను చూశాను.

పొరపాటున నువ్వొక ఫోల్డర్ డిలీట్ చేస్తే మిర్రర్ రెండో డిస్కులోనూ అదే క్షణం డిలీట్ చేస్తుంది. కాబట్టి పండగకు ప్రొద్దుటూరు పోయేటప్పుడు ముఖ్యమైనవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో ఎక్కించుకుని పోయి మీ అత్త బీరువాలో పెట్టిరా. వచ్చే పండగకు ఇంకోటి పట్టుకుపోయి దాన్ని తెచ్చుకో. నేను అత్తకు చెప్పి ఉంచుతాను.

మీ చిన్నాయన