ఫార్మాట్ చేయమంటున్న హార్డ్ డిస్క్‌లోంచి ఫొటోలు తీయడం ఎలా?

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలిస్తే ఫార్మాట్ చేయమంటోందని, లోపల పదేళ్ల ఫొటోలున్నాయని, ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ డిస్క్ తీసి పక్కన పెట్టండి. ఫార్మాట్ నొక్కకండి, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కూడా నడపకండి. చెక్‌డిస్క్ మరమ్మతు పేరుతో అదే డిస్క్ మీద రాస్తుంది. మీ ఫైళ్ల జాడ అందులోనే చెరిగిపోవచ్చు.

రెండేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. ఒక టెరాబైట్ డిస్క్. అమ్మ మాట్లాడిన వీడియోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. టెన్షన్‌లో ఏదో రికవరీ ప్రోగ్రామ్ పెట్టి రాత్రంతా డీప్ స్కాన్, అంటే డిస్క్ మొత్తం వెతికే స్కాన్ నడిపాను. పొద్దున చూస్తే 12 శాతం దగ్గర ఆగిపోయి ఉంది, డిస్క్ ముట్టుకుంటే కాలుతోంది. ముందురోజు తెరుచుకున్న ఫోల్డర్లు కూడా ఇక తెరుచుకోలేదు. పోయే డిస్క్‌కి మిగిలిన కాస్త ఓపికనీ స్కాన్‌కి తగలేశానని అప్పుడు తెలిసింది. ఆ ఓపిక కాపీకే వాడాలి.

మీరు కేబుల్ మార్చి, ఇంకో పోర్టులో ఒక్కసారి తగిలించి వినండి. టక్, టక్ అని ఒకే లయలో కొడుతుంటే డేటా చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు, వెంటనే తీసేయండి. హెడ్ తిరిగే ప్లేటుకి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. అది గీసుకుంటే డేటా ఉన్న పూతే లేచిపోతుంది, ఇక ఎవరూ తేలేరు. అలాంటి డిస్క్‌ని క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కే ఇవ్వాలి. ఫ్రీజర్‌లో పెట్టమనే చిట్కా నమ్మకండి, లోపల తేమ చేరుతుంది. అదే మోడల్ డిస్క్ సర్క్యూట్ బోర్డు తెచ్చి మార్చినా చాలావరకు పనిచేయదు. ఏ డిస్క్ సెట్టింగులు ఆ డిస్క్ బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి.

నా డిస్క్ శబ్దం చేయలేదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో మాత్రం పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగా చదవలేకపోతున్న చోట్లు, వందల్లో ఉన్నాయి. పాతదానికంటే పెద్ద కొత్త డిస్క్ తెచ్చి, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఒక ఇమేజ్ ఫైల్‌గా, అంటే డిస్క్‌కి అచ్చు నకలుగా, కొత్తదాని మీదికి తీశాను. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుని, మొరాయించే చోట్లను చివర్లో ప్రయత్నిస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వండి. మధ్యలో ఆగినా ఎక్కడ వదిలిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. నాకు మూడు రోజులు పట్టింది, వేడెక్కినప్పుడల్లా ఆపాను. ఏది పాత డిస్కో, ఏది కొత్తదో సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు సరిచూసుకోండి. తారుమారైతే ఉన్నదీ పోతుంది.

ఆ తర్వాత పనంతా ఇమేజ్ మీదే. ముందు టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్ ప్రయత్నించండి, పోయిన పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) దొరికితే ఫైళ్లు వాటి పేర్లతోనే వస్తాయి. అది కుదరకపోతేనే ఫొటోరెక్ అనే ఇంకో ప్రోగ్రామ్. దానితో ఫొటోలొస్తాయి కానీ పేర్లూ ఫోల్డర్లూ పోతాయి. నాకు కొన్ని వేల ఫైళ్లు ఉత్త నంబర్లతో వచ్చాయి. వారం రోజులు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. అమ్మ వీడియోల్లో రెండు మధ్యలో ఆగిపోతాయి, మిగతావన్నీ ఉన్నాయి.

డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ తాళం) పెట్టి ఉంటే పాస్‌వర్డో రికవరీ కీయో ఇప్పుడే వెతికి పెట్టుకోండి, ఏదో ఒకటి లేకుండా ఇమేజ్ తీసినా తెరుచుకోదు. శబ్దం ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.